నాన్న రిపోర్టులో వైరస్ అని ఉంది, కంచం వేరు పెట్టాలా?

చిక్కడపల్లి అమ్మాయి:

మా నాన్నకి 74 ఏళ్లు. ఇక్కడే చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో 31 ఏళ్లు కంపోజిటర్‌గా చేశారు. కేసు అనే అరల పెట్టెలోంచి సీసం అక్షరాలు ఏరి స్టిక్ అనే పట్టీలో పేర్చే పని. అమ్మ పోయి ఆరేళ్లయింది, అప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నారు. నేను, మా ఆయన, నాలుగేళ్ల బాబు, నాన్న. రెండు గదుల ఇల్లు.

ఉగాది వెళ్లాక మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి లేచి బనియన్ మార్చుకునేవారు. ఎండాకాలం కదా, కూలర్‌లో నీళ్లు అయిపోయి ఉంటాయనుకునేదాన్ని. ఒకరోజు ఆ బనియన్ ఉతకడానికి తీస్తే అప్పుడే బకెట్లో ముంచి తీసినట్టుంది. అన్నం సగానికి తగ్గింది. 68 కిలోల మనిషి 59కి వచ్చారు. ఎడమ చెవి కింద మెడ మీద గోలీ అంత గడ్డ కనిపించింది, నొప్పి లేదు.

దగ్గర్లో చూపించాం. జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ అనగానే టీబీ అన్నారు. ముక్క పరీక్ష చేయకుండానే టీబీ మాత్రలు మొదలుపెట్టారు. రెండు నెలలు ఒక్కరోజు తప్పకుండా మింగారు నాన్న. గడ్డ నిమ్మకాయంత అయింది, చంకలో ఇంకోటి వచ్చింది. సూది పరీక్ష చేయిస్తే 'రియాక్టివ్', అంటే మామూలు వాపే అని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. ఇంకో ఆస్పత్రిలో సర్జన్ గారు చేత్తో నొక్కి చూసి, సూది చాలదమ్మా, గడ్డ మొత్తం తీసి పంపుదాం అన్నారు. ఆ మాట రెండు నెలల ముందే ఎవరైనా అని ఉంటే బాగుండేదని రోజూ అనిపిస్తోంది.

రిపోర్టులో ఇలా ఉంది: డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా, ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాజిటివ్. కింద సీడీ20 పాజిటివ్, సీడీ30 పాజిటివ్, ఈబీఈఆర్ పాజిటివ్, కీ-67 80 శాతం. పెట్ స్కాన్‌లో మెడ, చంక, కడుపులో గ్రంథులు, ప్లీహం కూడా. మూడో స్టేజి.

నాన్నకి చెప్పకూడదనుకున్నాం. డాక్టరు గారికి కూడా ముందే ఫోన్‌లో చెప్పాను. గదిలో ఆయన ముందు ఫైలు తెరిచి ఉంది, మాకు తలకిందులుగా. నాన్న కుర్చీలో ఊరికే కూర్చున్నట్టే ఉన్నారు. కానీ 31 ఏళ్లు అక్షరాలను తలకిందులుగానే చదివిన మనిషి ఆయన, తెలుగూ ఇంగ్లిషూ రెండూ. ఆటో ఎక్కాక, "లింఫోమా అంటే కాన్సరే కదమ్మా. మరి పక్కన వైరస్ అని ఎందుకు వేశారు?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

అసలు బాధ తర్వాత మొదలైంది. బోనాలకి హనుమకొండ నుంచి మా మేనత్త వచ్చింది. వైరస్ అన్న మాట ఆమె చెవిన పడింది. ఆ రోజు నుంచి నాన్నకి కంచం వేరు, గ్లాసు వేరు, తువ్వాలు వేరు. బాబుని ఆయన దగ్గరికి పోనివ్వడం లేదు. కరోనా అప్పుడు మామయ్యను పోగొట్టుకుంది ఆమె, తన భయం నాకు అర్థమవుతుంది. నాన్న ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి తన నవారు మంచం తనే ఈడ్చుకెళ్లి బాల్కనీలో వేసుకున్నారు. బాబు రాత్రి రెండుసార్లు లేచి తాత ఎక్కడ అన్నాడు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఇది నిజంగా అంటుతుందా? బాబుకి ప్రమాదమా? ఆ సీసం వల్ల వచ్చిందా? 74 ఏళ్ల మనిషికి కీమో ఇవ్వడం న్యాయమేనా, లేక బంధువులన్నట్టు ఈ వయసులో హింస పెట్టడమేనా? వచ్చే బుధవారం మొదలుపెడదాం అంటున్నారు డాక్టరు గారు.


ల్యాబ్ మాస్టారు:

అమ్మా, నేను పాథాలజీ ల్యాబ్‌లో 30 ఏళ్లు స్లైడ్లు తయారుచేసి రిటైరయ్యాను. మందుల సంగతి డాక్టర్లు చెప్పాలి. స్లైడ్ మీద కనిపించేదాని గురించి నేను చెప్పగలను.

మొదట కంచం సంగతి. ఈ రోజే ఆ కంచాన్ని మిగతా కంచాల్లో కలిపేయండి. మీ నాన్నగారి కాన్సర్ ఎవరికీ అంటదు. ఇక వైరస్ అంటారా, అది ఈ పోస్టు చదువుతున్న వాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ ఉంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఎప్పుడో సోకి ఉంటుంది. ఉమ్మి ద్వారా వస్తుంది. మన ఇళ్లలో ముద్దులు, ఎంగిలి ముద్దలు, ఒకే గ్లాసులో నీళ్లు. అలా చిన్నప్పుడే వచ్చేస్తుంది, మామూలు జలుబు జ్వరంలా పోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. మీ మేనత్త గారికి కూడా చిన్నతనంలోనే వచ్చి ఉంటుంది. అది ఒకసారి వస్తే ఒంట్లోంచి పూర్తిగా పోదు. బి-కణాలనే తెల్ల రక్తకణాల్లో దాక్కుని నిద్రపోతుంది.

మరి మీ నాన్నగారికే ఎందుకు? ఆ నిద్ర చెడకుండా కాపలా కాసేవి టి-కణాలనే ఇంకో రకం తెల్లకణాలు. వయసు మీద పడేకొద్దీ ఆ కాపలా కొందరిలో సడలుతుంది. అప్పుడు వైరస్ ఉన్న బి-కణం ఒకటి అదుపు తప్పి, పెరిగి పెరిగి గడ్డవుతుంది. అందరికీ ఇలా ఎందుకు జరగదంటే వైరస్ ఒక్కటే చాలదు, కణం లోపల ఇంకొన్ని మార్పులు కూడా జరగాలి. సీసం గురించి మనసు పాడుచేసుకోకండి. ఈ కథ ఆయన ప్రెస్సులో చేరకముందే, బహుశా చిన్నప్పుడే మొదలైంది.

ఈ వైరస్‌ని మొదట కనిపెట్టింది కూడా ఒక లింఫోమా గడ్డలోనే. ఉగాండాలో పనిచేసిన బర్కిట్ అనే సర్జన్ పిల్లల దవడల్లో వచ్చే గడ్డల గురించి 1958లో రాశారు. ఆ గడ్డల కణాల్లో 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఈ వైరస్‌ని చూశారు. వృద్ధుల్లో వచ్చే ఈ రకాన్ని జపాన్ డాక్టర్లు 2003లో వేరుగా గుర్తించి రాశారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 'వృద్ధుల్లో వచ్చే' అనే పేరుతోనే చేరింది, 50 ఏళ్లు దాటినవాళ్లకి. తర్వాత చిన్న వయసువాళ్లలో కూడా కనిపించడంతో 2016లో పేరులోంచి ఆ వయసు మాట తీసేశారు. పాశ్చాత్య దేశాల కంటే ఆసియాలో, లాటిన్ అమెరికాలో ఎక్కువ.

ఈబీఈఆర్ అంటే ఆ వైరస్ తయారుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ. స్లైడ్ మీద దానికి అతుక్కునే రసాయనం వేస్తాం. వైరస్ ఉన్న కణాల కేంద్రకాలు ముదురు రంగుకి తిరుగుతాయి, లేనివి పాలిపోయి ఉంటాయి. అంటే ఆయన గడ్డ కణాల్లోనే వైరస్ ఉందని రుజువన్నమాట. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇంట్లో అందరికీ చేయించమని ఎవరైనా అంటే డబ్బు పెట్టకండి. అది దాదాపు అందరికీ పాజిటివే వస్తుంది, దాన్నిబట్టి తెలిసేదేమీ ఉండదు. వైరస్ అనగానే అసైక్లోవిర్ లాంటి మాత్రలతో ఇది తగ్గుతుందని కూడా అనుకోకండి. ఆ మందు సంఖ్య పెంచుకుంటున్న వైరస్ మీదే పనిచేస్తుంది, నిద్రలో ఉన్నదాన్ని ఏమీ చేయలేదు.

సూది పరీక్ష ఎందుకు తప్పిందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది చదివే వేరే వాళ్లకి అవసరం. ఈ రకం గడ్డలో చచ్చిపోయిన కణజాలం పెద్ద పెద్ద మచ్చలుగా ఉంటుంది, చుట్టూ మామూలు వాపు కణాలు గుంపుగా ఉంటాయి. సన్నని సూది అక్కడే గుచ్చుకుంటే దొరికేది ఆ వాపు కణాలే. గడ్డ మొత్తం వస్తే గాని లోపలి నిర్మాణం చెడిందని తెలియదు. టీబీ కూడా ఇవే లక్షణాలతో వస్తుంది, మన దగ్గర టీబీ ఎక్కువ, అందుకే చాలామందికి మీకు జరిగినట్టే జరుగుతుంది. పెద్దవాళ్లలో గడ్డ తగ్గకుండా పెరుగుతుంటే గడ్డ తీసి పంపమని గట్టిగా అడగాలి. అది తీయకముందు స్టెరాయిడ్లు వాడనివ్వకూడదు. స్టెరాయిడ్ వేస్తే గడ్డ తాత్కాలికంగా కరిగి, రిపోర్టు అయోమయంగా వస్తుంది.

ఇంకొకటి. ల్యాబ్‌లో మీ నాన్నగారి కణజాలం మైనం బ్లాక్‌లో ఉంటుంది. రెండో అభిప్రాయం కావాలంటే ఆ బ్లాకూ స్లైడ్లూ అడిగి తీసుకుని ఎంఎన్‌జేకో, బసవతారకానికో, నిమ్స్‌కో పట్టుకెళ్లొచ్చు. స్కూటర్ డిక్కీలో ఎండలో పెట్టకండి, అది మైనం. ఆ పేరుతో చికిత్స మాత్రం వాయిదా వేయకండి. కీ-67 80 శాతం అంటే గడ్డలో ప్రతి పది కణాల్లో ఎనిమిది రెండుగా చీలే పనిలో ఉన్నాయని.


ఉప్పల్ నేస్తం:

చెల్లెమ్మా, కీమో అంటే ముసలి ప్రాణం తట్టుకోలేదు. మా బాబాయికి ఆకు పసరుతో గడ్డ కరిగింది. ముందు ఒక రెండు నెలలు అది వాడి చూడండి, తగ్గకపోతే అప్పుడు ఆస్పత్రి ఉండనే ఉంది.


ల్యాబ్ మాస్టారు:

ఉప్పల్ నేస్తం గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. మీ బాబాయి గారి గడ్డకి ముక్క పరీక్ష జరిగిందా, ఏమని వచ్చింది? నెమ్మదిగా పెరిగే లింఫోమాలు కొన్ని వాటంతట అవే కొంత తగ్గి మళ్లీ వస్తాయి, కొన్ని గడ్డలు అసలు కాన్సరే కావు. ఇది ఆ జాతి కాదు. వీళ్లకి ఇప్పటికే రెండు నెలలు టీబీ మాత్రల్లో పోయాయి. ఇంకో రెండు నెలలు ఇచ్చేంత సమయం ఈ జబ్బు ఇవ్వదు.


సైనిక్‌పురి అబ్బాయి:

అక్కా, మూడేళ్ల క్రితం మా అమ్మకి 81 ఏళ్లప్పుడు ఇదే బి-సెల్ లింఫోమా వచ్చింది. ఒక తేడా ముందే చెప్పాలి, ఆమెకి ఈబీఈఆర్ నెగెటివ్. వైరస్ ఉన్న రకం మామూలుదాని కంటే కొంచెం మొండిదని మా డాక్టరు గారే చెప్పారు. కాబట్టి మా అమ్మకి జరిగిందే మీకూ జరుగుతుందని నేననను. ఇచ్చే మందులు మాత్రం అవే: ఆర్-చాప్. రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసలోన్. 21 రోజులకోసారి, మామూలుగా ఆరు సిట్టింగులు.

వయసు గురించి మేము కూడా మీలాగే రోజూ కొట్టుకున్నాం. అన్నయ్య వద్దన్నాడు, నేను కావాలన్నాను. చివరికి డాక్టరు గారు అమ్మని కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమన్నారు. గుండెకి ఎకో, కిడ్నీ, లివర్ పరీక్షలు చూశారు. బట్టలు తనే కట్టుకుంటుందా, స్నానం తనే చేస్తుందా అని అడిగారు. పుట్టిన సంవత్సరం కంటే అవి ముఖ్యమన్నారు. ఎనభై దాటినవాళ్ల కోసం మోతాదు తగ్గించిన పద్ధతి ఉంది, మినీ-చాప్ అంటారు, ఫ్రాన్స్ డాక్టర్లు 2011లో దాని ఫలితాలు ప్రచురించారు. అమ్మకి అదే ఇచ్చారు. మీ నాన్నగారిది 74. అరవై నుంచి ఎనభై ఏళ్ల మధ్య వాళ్లకి చాప్‌తో పాటు రిటుక్సిమాబ్ కలిపితే ఎక్కువమంది బతుకుతున్నారని 2002లోనే తేలింది, అది కూడా ఫ్రాన్స్ వాళ్ల పనే. హింస అన్న మాటకి నా జవాబు ఒక్కటే: వైద్యం లేకుండా వదిలేస్తే ఆ జ్వరం, ఆ చెమట, ఆ గడ్డ ఊరుకోవు కదా.

ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. మొదటి రిటుక్సిమాబ్ ఎక్కేటప్పుడు చలి, వణుకు వస్తాయి. అమ్మకి దుప్పట్లు మూడు కప్పినా పళ్లు కొట్టుకున్నాయి. నర్సు సెలైన్ ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, మళ్లీ నెమ్మదిగా ఎక్కించింది. రెండోసారి అంత లేదు. డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, రక్తమని భయపడకండి. ప్రెడ్నిసలోన్ వేసుకునే ఐదు రోజులు షుగర్ ఎగబాకుతుంది, రాత్రి నిద్ర పట్టదు, ఆ మాత్రలు ఉదయమే తిన్నాక వేయండి. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, వేళ్ల చివర్లు మొద్దుబారడం. మా అమ్మ మూడో సిట్టింగ్ తర్వాత మల్లెపూలు మాల కట్టలేకపోయింది. ఏడ్చింది దానికి, జుట్టు పోయినప్పుడు ఏడవలేదు. వేళ్లు మొద్దుబారితే దాచకుండా చెప్పండి, డాక్టరు ఆ ఒక్క మందు తగ్గిస్తారు. మీ నాన్నగారు వేళ్లతో బతికిన మనిషి, ఆయన చెప్పకపోయినా మీరు అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. సిట్టింగ్ అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 దాటితే ఇంట్లో ఉండకూడదు. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. మేము రెండో సిట్టింగ్ తర్వాత పదకొండో రోజు రాత్రి సరిగ్గా అదే తప్పు చేశాం. 101 ఉంది, మాత్ర వేశాం, తగ్గింది, పడుకున్నాం. పొద్దున అమ్మ లేవలేదు, పిలిస్తే పొంతన లేని మాటలు. బీపీ పడిపోయింది. నాలుగు రోజులు ఐసీయూ. ఆ రాత్రే తీసుకెళ్లి ఉంటే సెలైన్‌లో యాంటీబయాటిక్‌తో పోయేదని డాక్టరు చెప్పారు. ఆ మాట నన్నింకా వదల్లేదు. ఆ తర్వాత ప్రతి సిట్టింగ్ మర్నాడు కణాలు పెరిగే ఇంజెక్షన్ ఇచ్చారు, ఎముకలు లాగుతాయి దానికి, కానీ మళ్లీ అలా కాలేదు.

మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష రెండు రకాలుగా చేశారో లేదో అడగండి, హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే కాదు, కోర్ యాంటీబాడీ కూడా. పాత హెపటైటిస్ లోపల అణిగి ఉంటే రిటుక్సిమాబ్ దాన్ని మళ్లీ లేపుతుంది. ఉందని తెలిస్తే ముందు నుంచే మాత్ర ఇస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు, అందరికీ చేస్తారు, నాన్నగారు నొచ్చుకోకుండా ముందే చెప్పి ఉంచండి. టీబీ మాత్రలు ఎప్పుడు ఆపారో కూడా డాక్టరుకి తారీఖుతో చెప్పండి, వాటిలో రిఫాంపిసిన్ వేరే మందుల పని తగ్గిస్తుంది.

డబ్బు గురించి మీరు రాయలేదు కానీ ఆ దిగులు ఉంటుంది. రిటుక్సిమాబ్ ఒకప్పుడు విదేశీ కంపెనీదే ఉండేది. 2007లో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ పేరుతో తెచ్చాక ధర దిగింది, ఇప్పుడు ఇంకా చాలా కంపెనీలవి ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. చేరకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర కూర్చుని ఏ మందు వస్తుంది, ఏది రాదు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి.

అమ్మ ఇప్పుడు 84. పోయిన సంక్రాంతికి వేళ్లకి స్పర్శ కొంచెం వచ్చింది, మాల కడుతోంది, నెమ్మదిగా.


వనస్థలిపురం వదిన:

ఒక్క విషయం అడగాలి. మీ నాన్నగారు కీళ్ల నొప్పులకి గానీ ఇంకేదైనా జబ్బుకి గానీ మెథోట్రెక్సేట్ లాంటివి వాడుతున్నారా? మా అత్తయ్యకి 69. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఎనిమిదేళ్లుగా వారానికోసారి ఆ మాత్ర. నోట్లో చిగురు పక్కన పుండు మానలేదు. ముక్క తీస్తే ఈబీఈఆర్ పాజిటివ్ వచ్చింది, లింఫోమా అన్న మాట కూడా వినిపించింది, ఇల్లంతా ఏడుపులు. రెండోచోట స్లైడ్లు చూసినవాళ్లు ఇది వైరస్ పుండు, మందు వల్ల రోగనిరోధక శక్తి తగ్గి వచ్చింది, ముందు మాత్ర ఆపి చూద్దాం అన్నారు. కీమో లేకుండా మూడు నెలల్లో మానిపోయింది. మీ నాన్నగారికి గ్రంథులన్నీ వాచాయి కాబట్టి అదే ఇదని నేననట్లేదు. కానీ వేసుకునే ప్రతి మాత్రా డాక్టరు ముందు పెట్టండి. మేము ఇప్పుడు అత్తయ్య మందుల డబ్బానే తీసుకెళ్లి టేబుల్ మీద బోర్లిస్తాం.


చిక్కడపల్లి అమ్మాయి:

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మొదటి సిట్టింగ్ అయిపోయింది. ఇవాళ తొమ్మిదో రోజు.

మాస్టారు గారూ, మీ పోస్టు ఆ రాత్రే నాన్నకి చదివి వినిపించాను. నేను చదువుతుంటే ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని తనే చదువుకున్నారు. తర్వాత రిపోర్టు ఇమ్మన్నారు. ఇక దాచడానికేముంది, ఇచ్చాను. భూతద్దం పెట్టి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు, ప్రెస్సులో గ్యాలీ ప్రూఫ్, అంటే తప్పులు దిద్దే కాగితం చూసేటప్పుడు అమ్మ టీ పెట్టినా తాగకుండా చదివేవారే, అలా. పెన్సిల్‌తో ఒకచోట గీత గీశారు. ఇంటిపేరు అక్షరం తప్పు పడింది. రేషన్ కార్డులో ఒకటుంది, బయాప్సీ రిపోర్టులో ఇంకోటి ఉంది. మర్నాడు ల్యాబ్‌కి పరిగెత్తి సరిచేయించుకొచ్చాను. ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర మొదట చూసింది ఆ పేరే. కలవకపోతే అనుమతికి ఇంకో వారం పట్టేదట. నాన్నకి చెప్తే, "అచ్చుతప్పు ఎప్పుడూ పెద్ద అక్షరాల్లోనే దాక్కుంటుందమ్మా, చిన్నవాటిని అందరూ చూస్తారు" అన్నారు. జబ్బు బయటపడ్డాక ఆయన అంత మాట్లాడటం అదే మొదలు.

అత్తయ్యతో నేను వాదించలేదు. ఆ పోస్టులో నూటికి తొంభై మంది అన్న ముక్క చదివాను. ఎంగిలి ముద్దల మాట దగ్గర ఆమె ఆగిపోయింది. వాళ్ల అమ్మ, అంటే మా నానమ్మ, అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకే కంచంలో ముద్దలు కలిపి పెట్టేదట, అన్నయ్య కొరికిన జామకాయే తనకి కావాలని తను ఏడ్చేదట. "అయితే ఇద్దరికీ ఒక్కసారే వచ్చుంటదా?" అంది. నాకు తెలీదత్తయ్యా, వచ్చుండొచ్చు అన్నాను. లేచి వెళ్లి బాల్కనీలో మంచం ఒక పక్క తను పట్టుకుంది, ఇంకో పక్క నన్ను పట్టుకోమంది. కంచం గురించి ఎవరం మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు భయం అటు తిరిగింది. బాబు స్కూల్ నుంచి రాగానే చేతులు సబ్బుతో కడిగించి, ముక్కు కారుతుందా అని చూసి గాని తాత దగ్గరికి వదలదు. ఇది సరైన భయమేనని డాక్టరు గారు కూడా అన్నారు.

వదిన గారూ, నాన్న బీపీ మాత్ర తప్ప ఏమీ వాడటం లేదు. అయినా డబ్బా తీసుకెళ్లాను. హెపటైటిస్-బి రెండు పరీక్షలూ నెగెటివ్. ఎకో బాగుంది.

బుధవారం నేరుగా కీమో ఇవ్వలేదు. ముందు వారం రోజులు స్టెరాయిడ్ మాత్రలే ఇచ్చారు, కాస్త బలం పుంజుకుంటే మందు తట్టుకుంటారని, గడ్డ ఒక్కసారిగా కరిగి కిడ్నీల మీద పడకుండా ఉంటుందని. దానికే జ్వరం పోయింది. మూడో రోజు నాలుగు ఇడ్లీలు తిన్నారు. గడ్డ మెత్తబడింది. ఇక కీమో ఎందుకమ్మా అన్నారు. మాస్టారు గారు స్టెరాయిడ్ గురించి రాసింది మళ్లీ చదివి వినిపించాల్సి వచ్చింది.

సిట్టింగ్ రోజు చలి వచ్చింది, సైనిక్‌పురి తమ్ముడు చెప్పినట్టే. ముందే తెలుసు కాబట్టి నేను వణకలేదు. ఎర్ర మందు ఎక్కుతున్నప్పుడు, "టీబీ మాత్రలప్పుడు నారింజ, ఇప్పుడు ఎరుపు, ప్రెస్సులో కూడా ఇన్ని రంగులు వాడలేదు" అని నర్సుతో అన్నారట.

నాలుగో సిట్టింగ్‌కి వచ్చాక పెట్ స్కాన్ తీస్తారట. అది చూశాకే తగ్గుతోందో లేదో గట్టిగా చెప్తామన్నారు. రిపోర్టులో ఉన్న సీడీ30, అంటే గడ్డ కణాల మీద ఉండే ఒక గుర్తు, దాని మీద పనిచేసే మందు కూడా ఒకటుందని, ఇప్పుడే దాని అవసరం లేదని అన్నారు. ఇంతకంటే ఎక్కువ ఆశ ఆయన ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

నిన్న సాయంత్రం నుంచి కొంచెం నీరసంగా ఉన్నారు. జ్వరం లేదు, 98.8. నోట్లో చిన్న పొక్కు. పర్వాలేదా?


సైనిక్‌పురి అబ్బాయి:

అక్కా, పొక్కు సంగతి ఇప్పుడే ఆస్పత్రి నంబర్‌కి ఫోన్ చేసి చెప్పండి, రేపటిదాకా ఆగకండి. రక్త పరీక్షకి రమ్మంటారు. ఉప్పు నీళ్లతో పుక్కిలించమనండి, కారం, వేడివేడివి వద్దు. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా ఇవే జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు. రాత్రి కూడా ఒకసారి లేచి థర్మామీటర్ పెట్టండి. ఫైలు, ఆరోగ్యశ్రీ కాగితాలు, ఒక జత బట్టలు సంచిలో సర్ది ఉంచండి.


చిక్కడపల్లి అమ్మాయి:

ఫోన్ చేశాను తమ్ముడూ. పొద్దున ఏడింటికి రమ్మన్నారు. రాత్రి రెండింటికి అత్తయ్య లేస్తానంది, థర్మామీటర్ తన దిండు కింద పెట్టుకుంది. సంచి తలుపు పక్కనే ఉంది.